బైండింగుకు వెళ్ళిన అయిదు పుస్తకాలు

"ఆ పుస్తకం పక్కన పెడితే కాఫీ ఇస్తాను," అంది లైబ్రేరియన్.

ఆయన పెట్టలేదు. చదువుతున్న పేజీలో వేలుంచి పుస్తకం మూసి, ఆ వేలు అలాగే ఉంచుకుని రెండో చెయ్యి చాపాడు.

నాలుగు రోజుల తరవాత భర్తతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. అంత పట్టుదలగా కాపాడుకొచ్చిన మౌనం కాస్తా కాఫీ దగ్గర పోగొట్టుకున్నందుకు ఆవిడకి తన మీద తనకే ఒళ్ళు మండింది. కప్పు బల్ల మీద పెట్టిన తీరులోనే ఆ మంట కనబడింది. సగం కాఫీ సాసరులోకి ఒలికింది.

"పుస్తకం మీద పడేది," అన్నాడు ఆయన.

"పడితే ఏం? మీ చెల్లెలు తుడిచి పెడుతుంది. అది ఏరి తెచ్చి ఇచ్చిన పుస్తకం కదా."

"పొద్దున్నే మొదలుపెట్టావా?"

"నేనేం మొదలుపెట్టలేదు. మీరే మొదలుపెట్టారు, చదవడం."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి కప్పు ఎత్తి మూతి దాచుకున్నాడు.

కళ్ళజోళ్ళ షాపు ఆయనది. పొద్దస్తమానం అద్దాలు అరగదీస్తాడు. ఇంటికొచ్చి ఏ పుస్తకం పట్టుకున్నా కళ్ళు లాగుతాయంటాడు. పెళ్ళయిన ఈ పద్దెనిమిదేళ్ళలో ఆవిడ కాలేజీ లైబ్రరీ నుంచి ఆయన కోసం ఎన్ని పుస్తకాలు మోసుకొచ్చిందో లెక్కలేదు. పనిముట్ల గురించి, ప్రయాణాల గురించి, కంటి వైద్యం గురించి, ఆఖరికి హాస్యకథలు కూడా. మంచం పక్కన పెట్టేది. పదో పేజీలో ఒక సన్నటి కాగితపు ముక్క ఉంచేది. గడువు తీరాక చూస్తే ఆ ముక్క పదో పేజీలోనే ఉండేది. ఆవిడ పైకి ఒక్క మాట అనకుండా పుస్తకం వెనక్కి తీసుకుపోయేది.

ఇప్పుడేమో అదే మనిషి, అవే కళ్ళు. చిట్టి ఇచ్చిన మూడువందల పేజీల పుస్తకం షాపు సంచిలో పెట్టుకు తిరుగుతున్నాడు.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి," అంది ఆవిడ కుర్చీ లాక్కుని. "నేనిచ్చిన వాటిలో ఒక్కటైనా ఎందుకు చదవలేదు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆలోచించకుండా ఉంటే బాగుండేది.

"నువ్వు చదవమని ఇస్తావు. అది ఇచ్చేటప్పుడు, చదవకపోయినా ఏం ఫర్లేదన్నయ్యా అంది. సరే చూద్దామని తెరిచాను."

ఇంకెవరైనా అయితే ఇక్కడ నవ్వి ఊరుకునేవారు. ఆవిడకి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. అంతలో చిట్టి తల దువ్వుకుంటూ గదిలోంచి వచ్చింది.

చిట్టి అంటే ఆయన చెల్లెలు. ఎనిమిది నెలల కిందట ఒక్క సంచీతో మొగుడి ఇల్లు వదిలి వచ్చింది. ఎందుకు వచ్చావని అన్న అడగలేదు. వదిన అడిగింది, విన్నది, విని తనూ ఏడ్చింది. రెండు నెలలు తిరిగేసరికి లైబ్రరీలో ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం వేయించింది కూడా వదినే. ఆ మేలు ఆవిడ మర్చిపోలేదు. మర్చిపోతే ఇంత బాధ ఉండేది కాదేమో.

ఆ ఆరు నెలలూ నెలాఖరుతో తీరిపోతాయి. పోయిన ఆదివారం మొగుడి తరఫు పెద్దలు వచ్చి హాల్లో కూర్చుని తేల్చేశారు. ఉద్యోగం ఖాయమైతే పిల్ల ఇక్కడే ఉంటుంది. కాకపోతే ఒకటో తారీఖున వచ్చి తీసుకుపోతారు. అన్న తల ఊపాడు. ప్రిన్సిపాల్‌గారు ఇవాళ మధ్యాహ్నం లైబ్రరీ సభకి వచ్చి చిట్టి మాట్లాడేది వింటానన్నారు, సాయంత్రానికి తేల్చేస్తానన్నారు.

"అన్నయ్యా, ఆ పుస్తకం ఇవాళ్టికి ఇస్తావా?" అంది చిట్టి. "సభలో చూపించడానికి ఒక్క ప్రతి కూడా లేదు. లైబ్రరీలో ఉన్న అయిదూ బైండింగుకి వెళ్ళిపోయాయి."

"అయిదూ ఒకేసారా?"

"మరి కుట్లు ఊడితే?" అంది లైబ్రేరియన్, ఎవరూ తనని అడగకుండానే.

ఆయన చేతిలో పుస్తకం వెనక్కి తిప్పి, అట్ట పట్టుకుని నెమ్మదిగా లాగి చూశాడు. "దీనికి గట్టిగానే ఉన్నాయే. అన్నీ ఒక్కసారే కొన్నవి కదా?"

"మీరు అద్దాలు చూడండి. పుస్తకాల సంగతి నేను చూసుకుంటాను."

చిట్టి పుస్తకం తీసుకుంది. వదిన వైపు చూడలేదు. చూడకపోవడంలో ఏదో ఉందని ఆవిడకి అనిపించింది. ఏమిటో తేల్చుకునే ధైర్యం లేక, కాఫీ ఒలికిన సాసరు తీసుకెళ్ళి కుళాయి కింద అవసరానికి మించి రుద్ది కడిగింది.

* * *

ఆ లైబ్రరీలో తలుపు పక్కనే ఒక చెక్క స్టాండు ఉంటుంది. దాని మీద పెట్టిన ప్రతి పుస్తకానికీ ఒక పసుపు అట్టముక్క దారంతో కట్టి ఉంటుంది. ఈ పుస్తకం ఎందుకు చదవాలో లైబ్రరీ వాళ్ళు దాని మీద నాలుగు ముక్కలు రాస్తారు. చదివినవాళ్ళు తిరిగిచ్చేటప్పుడు కింద తమ మాట ఒకటి రాయొచ్చు. ఈ ఏర్పాటు లైబ్రేరియన్ సొంత బుర్రలో పుట్టింది. నెలనెలా అచ్చు వేసి గోడకి అంటించే 'గ్రంథాలయ విశేషాలు' కాగితం కూడా ఆవిడదే. కొత్తగా వచ్చిన పుస్తకాలు, జరగబోయే సభలు, ఈ నెల చదవదగినవి, అన్నీ ఆవిడే రాసేది.

ఆవిడ కార్డు ఇలా ఉండేది: 'ఈ గ్రంథము విద్యార్థుల మనోవికాసమునకు ఎంతయో దోహదపడగలదు.' దాని కింద ఏడాదికి ఒకరో ఇద్దరో రాసేవారు. ఒక అబ్బాయి 'తిరిగి ఇచ్చాను' అని మాత్రం రాసి సంతకం పెట్టాడు.

చిట్టి ఉద్యోగంలో చేరిన రెండో నెలలో ఒక పుస్తకానికి కార్డు రాసింది. పడవల రేవులో గంట కొట్టే మనిషి కథ అది. నాలుగేళ్ళుగా అయిదు ప్రతులూ అరలో పడున్నాయి. ఆరోది పోయిందనుకుంటే చిట్టే అటక మీంచి దులిపి తీసింది, తరవాత అన్నకిచ్చింది దాన్నే. కార్డు మీద ఇలా రాసింది: 'మొదటి ముప్పై పేజీలు విసుగ్గా ఉంటుంది, అబద్ధం చెప్పను. ముప్పై ఒకటో పేజీలో గంట మోగుతుంది. అక్కణ్ణుంచి బస్సులో మీరు దిగాల్సిన స్టాపు దాటిపోతే నన్ను తిట్టుకోకండి.'

కింద జాగా చాలక రెండో కార్డు కట్టాల్సి వచ్చింది. 'రెండు స్టాపులు.' 'నేను మూడు.' 'క్లాసు పోయింది, మేడంగారే బాధ్యులు.' పిల్లలు కౌంటరు దగ్గరికి వచ్చి, చిన్న మేడం లేరా అని అడగడం మొదలైంది. పెద్ద మేడం ఎదురుగానే కూర్చుని ఉండేది.

దీన్ని అసూయ అనడానికి ఆవిడకి మనసొప్పలేదు. క్రమశిక్షణ అనుకుంది. గ్రంథాలయ మర్యాద అనుకుంది. మంగళవారం సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ అయిదు ప్రతులూ తాడుతో కట్టి, 'కుట్లు వదులు, విప్పి కుట్టవలెను' అని చీటీ రాసి, బైండరుకి పంపించేటప్పుడు కూడా క్రమశిక్షణ అనే అనుకుంది. బైండరు దగ్గరికి వెళ్ళిన పుస్తకం నెలకి గాని తిరిగి రాదు. అది అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు.

మధ్యాహ్నం మూడింటికి చదువుల గది నిండిపోయింది. కుర్చీలు చాలక పిల్లలు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ప్రిన్సిపాల్‌గారు ముందు వరసలో కూర్చుని, మాటిమాటికీ వాచీ చూసుకోవడం మానేశారు.

చిట్టి చేతిలో ఆ ఒక్క ప్రతే ఉంది. దాన్ని మొదటి వరసలో పిల్లకిచ్చి, "ఒక్కొక్కరూ ఒక్క వాక్యం చదివి పక్కవాళ్ళకివ్వండి. బాగుంటే ఇంకో వాక్యం దొంగతనంగా చదువుకోండి, నేను చూడను," అంది. పుస్తకం చేతులు మారుతూ గదంతా తిరిగింది. మూడో వరస దాకా వచ్చేసరికి ఎవరూ ఒక్క వాక్యంతో ఆపట్లేదు. పక్కవాళ్ళు లాక్కుంటున్నారు.

అయిదు ప్రతులూ ఉంటే ఇంత బాగుండేది కాదని లైబ్రేరియన్‌కి తెలిసిపోయింది. అడ్డం పెడదామని తను వేసిన రాయి మీదే ఎక్కి నిలబడింది ఈ పిల్ల.

అప్పుడు తలుపు దగ్గర ఆయన కనబడ్డాడు.

చొక్కా చేతుల మీద ఇంకా అద్దాల పొడి ఉంది. షాపు మూసి వచ్చాడు. పద్దెనిమిదేళ్ళు వరసగా ఆవిడ నడిపిన గ్రంథాలయ వారోత్సవాలకి, సాయంత్రం బేరాలు పోతాయని ఒక్కసారీ రాని మనిషి. పుస్తకం ఆయన దాకా వచ్చింది. ఆయనా ఒక వాక్యం చదివాడు, కాస్త తడబడుతూ. చిట్టి నవ్వింది. గదంతా నవ్వింది. అన్నాచెల్లెళ్ళ నవ్వు ఒక్కలాగే ఉంటుందని ఆవిడ ఇన్నాళ్ళూ గమనించలేదు. ఆ నవ్వులో తనకి చోటు లేదు.

సరిగ్గా ఆ నవ్వు మధ్యలోకి బైండరు వచ్చాడు. ముసలాయన, ముక్కుసూటి మనిషి. సభలూ అవీ ఆయనకి పట్టవు. భుజం మీది కట్ట దించి బల్ల మీద పెట్టాడు.

"మేడంగారూ, ఈ అయిదింటికీ కుట్లు ఉక్కులా ఉన్నాయమ్మా. విప్పితే పాడుచేసినవాణ్ణవుతాను. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, బాగున్న పుస్తకాన్ని బాగుచెయ్యమని పంపినవాళ్ళు మీరే. ఇదిగో చీటీ కూడా..."

గదిలో అందరి చూపూ ఆ చీటీ మీదికి మళ్ళింది.

చిట్టి రెండడుగుల్లో బల్ల దగ్గరికి వచ్చింది. ముసలాయన చేతిలోంచి చీటీ తీసుకుంది, చూసింది, మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"పంపింది నేనండీ," అంది. "పొరపాటైంది. వేరే పుస్తకాలు పంపబోయి ఇవి కట్టాను."

ప్రిన్సిపాల్‌గారి ముఖంలో అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. "ఇవాళ సభ పెట్టుకుని, ఆ పుస్తకాలే బైండింగుకి పంపారా?"

"అవునండీ."

ఆయన లైబ్రేరియన్ వైపు తిరిగారు. "మీకు తెలుసా ఈ సంగతి?"

తలుపు దగ్గర భర్త. ఎదురుగా యాభైమంది పిల్లలు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"తరవాత తెలిసిందండీ," అంది ఆవిడ.

* * *

పాత పత్రికలు పెట్టే గదిలో కిటికీ తెరుచుకోదు. చిట్టి కట్ట విప్పి పుస్తకాలు ఒక్కొక్కటీ తుడుస్తోంది. లైబ్రేరియన్ లోపలికి వచ్చి తలుపు వేసింది.

"ఎందుకలా చెప్పావు?"

"ఏం చెప్పమంటావు?"

కాలేజీలో చిట్టి ఆవిడని ఎప్పుడూ మీరు అనే అంటుంది, మేడం అనే పిలుస్తుంది. ఇవాళ ఇంట్లోలాగా మాట్లాడుతోంది.

"నా మీద జాలిపడ్డావా? నీ జాలి నాకక్కర్లేదు."

"జాలి కాదు వదినా. నాకంత మంచితనం లేదు." చిట్టి తుడవడం ఆపలేదు. "బుధవారం పొద్దున్నే తెలిసింది నాకు. రిజిస్టరులో నీ రాతే కదా. వెళ్ళి తెచ్చుకుందామనుకున్నాను. తెస్తే నువ్వు ఎందుకు తెచ్చావంటావు, నేనేదో అంటాను, అన్నయ్యకి తెలుస్తుంది. అన్నయ్య నిన్నేదైనా అంటే ఆ ఇంట్లో నేనుండగలనా? ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. నువ్వు కాదంటే నాకింకో ఇల్లు లేదు."

"మీ అన్నయ్య ఇల్లు అది."

"అన్నయ్య రమ్మన్నాడు. తాళంచెవి చేయించి నా చేతికిచ్చింది నువ్వు. అక్కడ ఆయన నన్ను లోపల ఉంచి బయట తాళం వేసుకుని వెళ్ళేవాడని చెప్పానని, రెండోరోజే చేయించుకొచ్చావు. గుర్తుందా?"

ఆవిడకి గుర్తుంది. ఆ రోజు ఈ పిల్లని చూస్తే ఎంత ప్రేమ పుట్టిందో అదీ గుర్తుంది. అప్పుడు చిట్టికి ఏమీ లేదు, అందుకే ప్రేమించడం తేలికైంది. ఈ సంగతి ఇంత స్పష్టంగా తోచేసరికి ఆవిడకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంత జరిగాక కూడా లోపల్నుంచి ఒక మాట తొలుస్తూనే ఉంది. ఇందులోనూ ఇదే గెలిచింది. తప్పు నాది, గొప్ప దీనిది.

"నా పని గురించి ప్రిన్సిపాల్‌గారికిచ్చే రిపోర్టులో నీకేం తోస్తే అది రాయి," అంది చిట్టి పుస్తకాలు ఎత్తుకుంటూ. "నేను అడగను."

ఆవిడ గంటసేపు కూర్చుని రాసింది. శ్రద్ధ, సమయపాలన, పాఠకులతో మెలిగే తీరు, ఏ గడిలోనూ వెనకాడలేదు. లోపాలు అన్న గడిలో 'ఏమీ లేవు' అని రాసింది. బైండింగు ఊసెత్తలేదు. ఇంత మంచిగా రాశాక ఇంకేం కావాలి, బాకీ తీరిపోయింది అనుకుంటూ మేడమెట్లెక్కింది.

ప్రిన్సిపాల్‌గారు రెండుసార్లు చదివారు. కాగితం బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి దాని మీద పెట్టారు.

"లోపాలు ఏమీ లేవని రాశారు. గంటన్నర కిందట మనిద్దరం ఒకే గదిలో ఉన్నాం."

"చిన్న పొరపాటేనండీ."

"చిన్నదే. ఆ అమ్మాయి మీ ఆడపడుచు అని నాకు తెలుసు. వేయించింది మీరే. ఇప్పుడు ఆమె తప్పు కప్పి ఇంత పొగడ్త రాసిస్తే, నేను ఏ ముఖంతో కమిటీ ముందు పెట్టను? ఈ కాగితం ఆమెకి మేలు చెయ్యదండీ. ఉన్నది కూడా చెడగొడుతుంది."

పద్దెనిమిదేళ్ళలో మొట్టమొదటిసారి ఆవిడ ఒకరి గురించి మనస్ఫూర్తిగా రాసింది. అదే చెల్లలేదు.

"చివరిసారి అడుగుతున్నాను. పుస్తకాలు ఎవరు పంపారు? ఆ అమ్మాయే అయితే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఇంకెవరైనా అయితే ఆ మాట ఇప్పుడే నాకు కాగితం మీద కావాలి. రాసినవాళ్ళు తమ కుర్చీ గురించి కూడా ఆలోచించుకుని రాయాలి."

ఒక తెల్లకాగితం ఇటు జరిపారు. ఆవిడ దాన్ని చూస్తూ కూర్చుంది. గోడ మీద గడియారం అయిదు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది.

"ఇంకో సంగతి," అన్నారాయన లేచి కిటికీ దగ్గరికి వెళుతూ. "మీ ఆయన కింద వరండాలో కూర్చున్నారు. ఇందాక నా దగ్గరికి వచ్చారు."

"చెల్లెలి గురించి చెప్పడానికా?" మాట బయటికొచ్చేదాకా అందులో ఎంత చేదుందో ఆవిడకే తెలియలేదు.

"కాదు. చెల్లెలు చెప్పేది నమ్మబుద్ధి కావట్లేదన్నారు. చిన్నప్పట్నుంచీ అది అబద్ధమాడితే నాకు తెలిసిపోతుందండీ అన్నారు. మరి ఎవరు చెప్తే నమ్ముతారని అడిగాను." ఆయన వెనక్కి తిరిగారు. "పుస్తకాల విషయంలో మా ఆవిడ మాటకి తిరుగులేదు, ఆవిడ ఏది చెప్తే అదే నిజం, అన్నారు. మీ నోటినుంచి వినాలని కూర్చున్నారు. పైకి పిలవనా?"

ఇన్నేళ్ళుగా ఏ మాట కోసం మొహం వాచిపోయి ఉందో, ఆ మాట అది. ఎవరి మాటకన్నా నీ మాటే వింటాను అని ఆయన అనడం. చెల్లెలి మాట కాదని మరీ అన్నాడు.

తనిప్పుడు చెల్లెలి మాటే నిజమంటే, ఆయన మళ్ళీ అడగకుండా నమ్మేస్తాడు.

"పిలవండి," అంది ఆవిడ, ఇంకా కాగితం ముట్టుకోకుండానే.